జపాన్‌కు లేని భయం మనకెందుకు అంటున్నవారికి

‘అప్పు అప్పు అని గగ్గోలు పెట్టేవాళ్ల మాట నమ్మకండి’ అని మొదలయ్యే సందేశం ఒకటి చాలా కాలంగా తెలుగువాళ్ల ఫోన్లలో తిరుగుతోంది. నాకు మొదటిసారి పంపినవారు అప్పట్లో అధికారంలో ఉన్న పార్టీకి అభిమాని. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. మొన్న అదే సందేశం పార్టీ పేరు ఒక్కటి మార్చుకుని మళ్లీ వచ్చింది. ఈసారి పంపినాయన ఒకప్పుడు అప్పుల మీద నిప్పులు చెరిగిన మనిషి. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. గద్దె మీద ఎవరుంటే వారికి అక్కరకొచ్చే వాదన కాబట్టే అది ఇంతగా తిరుగుతోంది. అందుకే దీనికి జవాబు రాయాలనిపించింది.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. జపాన్, అమెరికా మనకంటే ఎన్నో రెట్లు అప్పులో ఉన్నాయి, వాటికేమీ కాలేదు. మన రాష్ట్రాల అప్పు రాష్ట్ర స్థూల ఉత్పత్తితో పోలిస్తే హద్దులోనే ఉంది. తెచ్చిన డబ్బుతో ఆస్తులు పుట్టాయి. పంచిన డబ్బు తిరిగి ఊళ్లలోకే వచ్చి వ్యాపారాలు పెరిగాయి. కార్పొరేట్లకు లక్షల కోట్లు మాఫీ చేసినప్పుడు ఎవరూ నోరెత్తలేదు. రాష్ట్రం ఎన్నడూ దివాలా తీయదు, వెనుక కేంద్రం ఉంది, రిజర్వు బ్యాంకు ఉంది. ఇన్ని చెప్పాక ముక్తాయింపు: అప్పు వద్దనేవాడు పేదల కడుపు కొట్టేవాడు.

ప్రభుత్వం తన రాబడిలోనే బతకాలని, చేసే ఖర్చు ధర జనానికి తెలిసేలా చేయాలని నమ్మేవారిలో నేనొకణ్ని. అప్పు మీద నాకున్న అసలు అభ్యంతరం కూడా అక్కడే. పన్ను పెంచితే జనం ఎందుకని అడుగుతారు. అప్పు చేస్తే అడగరు. ధర చీటీ చించేసి సరుకు అంటగట్టడం లాంటిది ఇది. కట్టేవాళ్లు వేరెక్కడో, వేరెప్పుడో ఉంటారు. పై వాదనల్లో ప్రతి ఒక్కటీ ఆ చీటీని ఇంకాస్త లోపలికి దాచేదే.

‘జపాన్‌కు, అమెరికాకు ఏమైంది?’

జపాన్ ప్రభుత్వ అప్పు ఆ దేశ ఉత్పత్తికి రెండు రెట్లు దాటి చాలా కాలమైంది. నిజమే. ఆ అప్పు యెన్‌లలో ఉంది, యెన్‌ను ముద్రించేది వాళ్ల కేంద్ర బ్యాంకే. ప్రభుత్వ బాండ్లలో దాదాపు సగం ఆ బ్యాంకు దగ్గరే ఉన్నాయి. పైగా మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచంలోకెల్లా పెద్ద రుణదాతగా నిలిచిన దేశమది. మన రాష్ట్రాలకు నోట్లు ముద్రించే అధికారం లేదు. వారానికోసారి, మంగళవారం నాడు, రిజర్వు బ్యాంకు నిర్వహించే వేలంలో మిగతా రాష్ట్రాలతో పాటు నిలబడి, వాళ్లడిగిన వడ్డీకి తెచ్చుకోవాలి. ‘మంగళవారం అప్పు’ అన్న మాట మన పత్రికల్లో ఊరికే పుట్టలేదు.

‘ఏమీ కాలేదు’ అన్నది కూడా పొరపాటే. జపాన్ జాతీయ బడ్జెట్‌లో దాదాపు నాలుగో వంతు పాత అప్పుల అసలుకూ వడ్డీకీ పోతోంది. వినియోగ పన్నును 2014లో 5 నుంచి 8 శాతానికి, 2019లో 10 శాతానికి పెంచారు. అక్కడ ఇరవై ఏళ్ల కుర్రవాడు అన్నం పొట్లం కొన్న ప్రతిసారీ తాను పుట్టకముందు వేసిన వంతెనలకు వాయిదా కడుతున్నాడు. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2024లో రక్షణ శాఖ కన్నా వడ్డీకే ఎక్కువ ఖర్చు పెట్టింది. అసలు ఒక రాష్ట్రాన్ని పోల్చవలసింది అమెరికాతో కాదు, అమెరికాలోని రాష్ట్రాలతో. వాటి చరిత్ర చాలా ఆసక్తికరం, ఆ సంగతి దివాలా వాదన దగ్గర చెబుతాను.

‘స్థూల ఉత్పత్తితో పోలిస్తే హద్దులోనే ఉంది’

రాష్ట్ర స్థూల ఉత్పత్తి అంటే ఆ రాష్ట్రంలో అందరూ కలిసి ఏడాదిలో సృష్టించిన విలువ. అందులో కోనసీమ కొబ్బరి రైతు కష్టం ఉంది, మాదాపూర్‌లో కోడ్ రాసే అమ్మాయి జీతం ఉంది, సిరిసిల్ల మగ్గం ఉంది. అది ప్రభుత్వం సొమ్ము కాదు. ప్రభుత్వం అప్పు తీర్చేది తన ఖజానాకు వచ్చే రాబడితోనే. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ అంచనాల్లో రెవెన్యూ రాబడి సుమారు 2.18 లక్షల కోట్లు. అదే బడ్జెట్ వేసుకున్న స్థూల ఉత్పత్తిలో ఇది నూటికి పన్నెండు పాళ్లు. వంద రూపాయల ఊరి పంటను చూపించి, పన్నెండు రూపాయల ఆదాయమున్న పంచాయతీ తన అప్పు చిన్నదే అంటోంది. ఆ నిష్పత్తిలో ఉన్న మోసం ఇది.

రాబడితో పోల్చి చూస్తే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో పలుమార్లు బహిరంగంగా చెప్పిన లెక్క తీసుకోండి. నెలకు వచ్చేది 18,500 కోట్లు. అందులో 6,500 కోట్లు జీతాలు, పింఛన్లకు. ఇంకో 6,500 కోట్లు అప్పుల అసలు, వడ్డీలకు. మిగిలిన 5,500 కోట్లతో బడి, ఆసుపత్రి, రోడ్డు, సంక్షేమం అన్నీ సాగాలి. నెలకు పద్దెనిమిదిన్నర వేలు తెచ్చుకునే ఇంట్లో ఆరున్నర వేలు పాత బాకీలకే పోతుంటే ఆ ఇంటి ఇల్లాలికి ఏ నిష్పత్తీ చెప్పి ఒప్పించలేం.

ఇక హద్దు సంగతి. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు 2023-24 నుంచి ఏటా స్థూల ఉత్పత్తిలో 3 శాతం రుణ పరిమితి పెట్టింది, విద్యుత్ సంస్కరణలు చేస్తే అదనంగా అర శాతం. ఆంధ్రప్రదేశ్ 2025-26లో వేసుకున్న ద్రవ్యలోటు, అంటే ఖర్చుకు రాబడి చాలక అప్పుతో పూడ్చవలసిన మొత్తం, 4.38 శాతం. కేంద్రం ఇచ్చే యాభై ఏళ్ల వడ్డీలేని రుణాల వంటివి ఈ పరిమితిలోకి రావన్న వివరణ ఉంది, కాదనను. కానీ అప్పు అప్పే, ఎవరో ఒకరు ఏనాడో ఒకనాడు కట్టవలసినదే.

పైగా ఆ హద్దులో కనబడేది మొత్తం అప్పు కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టింది. రుణ పరిమితి పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం లెక్కలోకి వచ్చే అప్పు 3.89 లక్షల కోట్లు. కార్పొరేషన్ల అప్పులు, హామీలు కలిపితే 6.71 లక్షల కోట్లు. పాత ప్రభుత్వం ఈ లెక్కను ఒప్పుకోలేదు. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పులు, చెల్లింపుల భారం కలిపి 9.74 లక్షల కోట్లు అంది. అక్కడా ప్రతిపక్షం ఒప్పుకోలేదు. ఏ పక్షం లెక్క సరైనదన్న వాదులాటలోకి నేను దిగను. ఒక రాష్ట్రం అప్పు ఎంతో ఇద్దరు ఆర్థిక మంత్రులు ఒక్క అంకె మీద నిలబడలేకపోవడమే నా ఫిర్యాదు. వీధి చివర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఇంతకన్నా స్పష్టంగా ఉంటుంది.

కరెంటు బిల్లులో ఇది చేతికి తగులుతుంది. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలకు ప్రభుత్వం ఇవ్వవలసిన సబ్సిడీ ఆలస్యమైనా, కొనుగోలు ఖర్చు పెరిగినా, ఆ లోటు కొన్నేళ్లకు ‘ట్రూ-అప్’, ‘సర్దుబాటు ఛార్జీ’ అన్న పేర్లతో తిరిగొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లు మారిన అద్దెదారులు తాము వాడని, తమకు ముందున్నవారు ఎప్పుడో కాల్చిన కరెంటుకు డబ్బు కట్టారు. మీటరు మీద పేరు ఒకరిది, వాడుక ఒకరిది, చెల్లింపు ఇంకొకరిది. రాష్ట్ర అప్పు మొత్తం నడిచేది ఇలాగే. మిగతాచోట్ల బిల్లు చేతికి రాదు, అంతే తేడా.

‘అప్పుతో ఆస్తులు పుట్టాయి’

ఈ వాదనను నేను గౌరవిస్తాను. రాబడినిచ్చే ఆస్తి కోసం చేసే అప్పు వేరు, పప్పు ఉప్పు కోసం చేసేది వేరు. అందువల్ల తెచ్చిన అప్పులో ఎంత ఆస్తిగా మారిందో, ఆ ఆస్తి ఎంత సంపాదిస్తోందో రెండూ అడగాలి.

మొదటిదానికి జవాబు బడ్జెట్ పుస్తకంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2025-26 ద్రవ్యలోటు దాదాపు 80 వేల కోట్లు, రెవెన్యూ లోటు 33 వేల కోట్లకు పైగా. అంటే తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో నలభై ఒక్క రూపాయలు రోజువారీ ఖర్చులకే పోతాయని ముందే రాసి పెట్టుకున్నారు. అంతకుముందు ఏలినవారిదీ గొప్ప చరిత్రేమీ కాదు. 2022-23లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన అప్పులో మూలధన వ్యయానికి, అంటే ఆస్తులు కట్టడానికి, వెళ్లింది చిన్న పాలే.

రెండోదానికి జవాబు కాళేశ్వరంలో ఉంది. 71 వేల కోట్లతో మొదలైన అంచనా 1.47 లక్షల కోట్లు దాటుతుందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2024 నివేదికలో చెప్పింది. పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలని లెక్కగట్టింది. 2023 అక్టోబరు 21న అందులో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాయి. దీని కోసం ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టి, ప్రభుత్వ హామీతో బ్యాంకుల నుంచి, విద్యుత్ ఆర్థిక సంస్థల నుంచి అప్పు తెచ్చారు. కార్పొరేషన్‌కు చెప్పుకోదగ్గ సొంత ఆదాయం లేదు, వాయిదాలు బడ్జెట్ నుంచే కడుతున్నారు. నీళ్లు వచ్చిన రైతులు ఉన్నారు, వారి సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ ‘రూపాయి పెడితే 52 పైసలు వస్తాయి, వాయిదా నువ్వే కట్టాలి, సరేనా?’ అని ఏ రైతునూ ఎవరూ అడగలేదు.

పక్కనే ఇంకో ఆస్తి ఉంది, హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్లు. వాడుకున్నవాడు టోలు కడతాడు. 2023లో దాని టోలు వసూలు హక్కును ముప్పై ఏళ్లకు ఇస్తే ఒక ప్రైవేటు సంస్థ 7,380 కోట్లు కట్టింది. ధర తక్కువైందన్న వివాదం ఉంది, ఉండవలసిందే, వేలం ఎప్పుడూ బహిరంగ పరీక్షకు నిలబడాలి. నా మాట ఏమిటంటే, ఆ రోడ్డుకు సొంత డబ్బు పెట్టే మనిషి దొరికాడు. ప్రభుత్వ హామీ లేకుండా, ప్రాజెక్టు రాబడినే నమ్మి, కాళేశ్వరానికి ఎవరైనా ఒక్క రూపాయి అప్పు ఇచ్చేవారా? ప్రతి ‘ఆస్తి’నీ ఈ ప్రశ్నతో తూచి చూడండి. రేపు అమరావతి భూములు అమ్మి అప్పు తీరుస్తామనే లెక్కకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

‘పంచిన డబ్బు ఊళ్లలో తిరిగి వ్యాపారాలు పెరిగాయి’

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూద్దాం. రాష్ట్రం అమ్మే బాండ్లను కొనేది ప్రధానంగా బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్యనిధి. బ్యాంకులు తమ డిపాజిట్లలో 18 శాతం మేరకు ప్రభుత్వ పత్రాల వంటి వాటిలోనే ఉంచాలని నిబంధన కూడా ఉంది. అంటే అది మీరు దాచుకున్న సొమ్మే. అది ఒక చిన్న పరిశ్రమకో, రైసుమిల్లుకో, ట్రాక్టరు కొనే రైతుకో అప్పుగా వెళ్లగలిగేది. ప్రభుత్వం ముందు నిలబడి తీసుకుంది. పంచిన చోట వ్యాపారం కనిపిస్తుంది. పుట్టకుండా పోయిన మిల్లు ఎవరికీ కనిపించదు, దాని ఫొటో ఏ పత్రికలోనూ పడదు.

ఇక తిరుగుడు సంగతి మా ఇంట్లోనే చూశాను. మా చిన్న మామయ్య పల్లెల్లో చిన్న పనులు చేసే కాంట్రాక్టరు. సిమెంటు రోడ్డు ముక్క, పక్కన మురుగు కాల్వ, బడికి ప్రహరీ గోడ, ఇలాంటివి. ఒక ఊళ్లో రోడ్డు వేశాడు. ఇంజినీరు వచ్చి టేపు పట్టి కొలిచాడు, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో అంకెలు ఎక్కాయి, బిల్లు పైకి వెళ్లింది, టోకెన్ నంబరు వచ్చింది. పద్నాలుగు లక్షలు. మామయ్య ఆ టోకెన్ నంబరును చిన్న చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే ఫోనులో ఆ నంబరు కొట్టి చూసేవాడు. ‘చెల్లింపు పెండింగు’ అని వచ్చేది. చీటీ చెమటకు తడిసి మాసిపోతే మళ్లీ రాసుకునేవాడు. అలా ముప్పై నెలలు.

సిమెంటు దుకాణంవాడు, కంకర క్వారీవాడు, కూలీలు ముప్పై నెలలు ఆగరు కదా. రెండు రూపాయల వడ్డీకి పన్నెండున్నర లక్షలు బయట తెచ్చి వాళ్లకు కట్టాడు. నెలకు ఇరవై ఐదు వేలు వడ్డీ. ముప్పై నెలలకు ఏడున్నర లక్షలు. చివరకు బిల్లు వచ్చింది, పద్నాలుగు లక్షలు, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా. ఆ రోడ్డు మీద అతనికి మిగలవలసిన లాభం లక్షన్నర. అత్తయ్య పేర ఉన్న ముప్పై సెంట్ల నేల అమ్మేశారు.

ఇక్కడ అప్పు ఇచ్చింది ఎవరు? మామయ్య. ప్రభుత్వానికి, సున్నా వడ్డీకి, రెండున్నరేళ్లు. తాను మాత్రం ఏడాదికి 24 శాతం కట్టాడు. ఈ అప్పు మంగళవారం వేలంలో కనిపించదు, స్థూల ఉత్పత్తి నిష్పత్తిలో కనిపించదు. ఎన్నికల ముందు ఖాతాల్లో పడిన డబ్బు ఊళ్లో తిరిగిందని చెప్పేవాళ్లు, అదే ఊళ్లో తిరగకుండా ఆగిపోయిన ఈ డబ్బును కూడా లెక్కవేయాలి. ఆ తర్వాత ఆ మండలంలో పిలిచిన టెండర్లకు మామయ్య వెళ్లలేదు. ఆయన తోటివాళ్లు ఇద్దరు ముగ్గురు వెళ్లారు, బిల్లు ఆలస్యం అవుతుందని ముందే ధర పెంచి వేశారు. ఆ పెరిగిన ధర కూడా మనమే కడతాం.

‘కార్పొరేట్లకు మాఫీ చేసినప్పుడు ఏమయ్యారు?’

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. బ్యాంకులు పద్దుల్లోంచి తీసేసిన మొండి బాకీ అంతా మాఫీ కాదు, వసూలు ప్రయత్నం సాగుతుంది. అయినా ఇందులో నిజముంది. ప్రభుత్వ బ్యాంకుల్లో పడిన గొయ్యి పూడ్చడానికి కేంద్రం 2016-17 నుంచి 2020-21 వరకు మూడు లక్షల కోట్లకు పైగా మూలధనం పోసింది. అది పన్ను కట్టేవాళ్ల సొమ్మే. అప్పుడూ తప్పే అన్నాను, ఇప్పుడూ తప్పే అంటున్నాను. లాభం వస్తే నాది, నష్టం వస్తే జనానిది అనేది స్వేచ్ఛా విపణి కాదు. అలాగే విశాఖపట్నంలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థకు 21 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడాన్ని కూడా నేను సమర్థించను. భూమికి ధర ఉంది, కొనగల స్థోమత ఆ సంస్థకు ఉంది. ఒక తప్పును చూపించి రెండో తప్పుకు అనుమతి అడగడం మాత్రం కుదరదు, ఎందుకంటే రెండింటికీ బిల్లు కట్టే చేయి ఒక్కటే.

‘రాష్ట్రం దివాలా తీయదు’

1830లలో అమెరికా రాష్ట్రాలు కాలువలు, రైలు మార్గాలు, బ్యాంకుల కోసం విచ్చలవిడిగా అప్పులు చేశాయి. కాలువ రాబడే అప్పు తీరుస్తుందన్నారు, కొత్త పన్నులుండవన్నారు. 1837 ఆర్థిక సంక్షోభం తర్వాత 1841 నుంచి 1843లోపు ఎనిమిది రాష్ట్రాలు వాయిదాలు ఎగ్గొట్టాయి. సంపన్నమైన పెన్సిల్వేనియా వాటిలో ఒకటి. కేంద్రం ఆదుకోవాలని ఒత్తిడి వచ్చింది, అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆ ‘లేదు’ అన్న మాట చేసిన మేలు చాలా పెద్దది. రాష్ట్రాలు తమ రాజ్యాంగాలు తిరగరాసుకున్నాయి. న్యూయార్క్ 1846లో, పెద్ద అప్పు చేయాలంటే దాన్ని తీర్చే పన్ను ముందే విధించాలని, ప్రజల ఓటు తీసుకోవాలని రాసుకుంది. ధర చీటీని సరుకుకు తిరిగి అంటించడమంటే ఇదే. ఈనాటికీ అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో సమతుల బడ్జెట్ నిబంధన ఉంది.

మన దగ్గర రాష్ట్రం అధికారికంగా దివాలా తీయదు, నిజమే. మంగళవారం బాండ్ల వాయిదా ఠంచనుగా వెళ్తుంది, తప్పితే రిజర్వు బ్యాంకు ఖాతాలోంచే కోస్తుంది. అంటే బాండు కొన్నవాడు భద్రం. తప్పేది మిగతా అందరికీ. 2024 సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో జీతాలు ఐదో తేదీన, పింఛన్లు పదో తేదీన ఇచ్చారు. అంతకుముందే ముఖ్యమంత్రి, మంత్రులు రెండు నెలల జీతం తీసుకోబోమన్నారు. మన దగ్గర ఉద్యోగుల భవిష్యనిధి బిల్లులు, కాలేజీల ఫీజు బకాయిలు, కాంట్రాక్టర్ల టోకెన్లు, అంగన్‌వాడీ కోడిగుడ్డు సరఫరాదారు బాకీ, ఇవన్నీ వాయిదా పడ్డ చెల్లింపులే. దివాలా అన్న బోర్డు కట్టకుండా, బలహీనుల దగ్గర కొద్దికొద్దిగా దివాలా తీస్తున్నాం.

వెనుక ఉన్న రిజర్వు బ్యాంకు సాయం ఎంతటిదో కూడా చూడాలి. చేబదులు పరిమితి దాటితే ఓవర్‌డ్రాఫ్టు, అది వరుసగా 14 పనిదినాలు దాటకూడదు, మూడు నెలల్లో 36 రోజులు దాటకూడదు. అది నెలాఖరు ఇరుకు గట్టెక్కడానికి పెట్టిన ఏర్పాటు. దాని మీద సంసారం నడపడానికి కాదు. కేంద్రానికి రాష్ట్రం బాకీ ఉన్నంతకాలం రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి కావాలి. అప్పు పెరిగేకొద్దీ పెరిగేది ఢిల్లీ గుమ్మంలో నిలబడే సమయమే. రాష్ట్రాల హక్కుల కోసం గట్టిగా మాట్లాడే మిత్రులు ఈ మాట ఎందుకు పట్టించుకోరో నాకు బాధగా ఉంటుంది.

అప్పు లేకుండా బతకడం అసాధ్యమేమీ కాదు. ఒడిశా ఒకప్పుడు దేశంలో బాగా అప్పుల పాలైన రాష్ట్రాల్లో ఒకటి. 2005-06 నుంచి రెవెన్యూ మిగులులోకి వచ్చింది. 2022-23 నాటికి దాని ప్రభుత్వ రుణం స్థూల ఉత్పత్తిలో 8.45 శాతం, దేశంలోనే తక్కువ. గనుల రాబడి దానికి కలిసొచ్చింది. అయితే గనులున్న రాష్ట్రాలన్నీ అలా మిగుల్చుకోలేదు. పంజాబ్‌కు దేశంలోకెల్లా మంచి నేల ఉంది, అదే ఏడాది దాని రుణం 40 శాతం దాటింది.

‘అప్పు వద్దంటే పేదల కడుపు కొట్టడమే’

ఇదొక్కటే నన్ను నిజంగా నొప్పించిన మాట. పేదవాడికి నేరుగా డబ్బు ఇవ్వడాన్ని నేను వ్యతిరేకించను. కుంగిపోయే బ్యారేజీ కన్నా, నష్టాల కార్పొరేషన్ కన్నా అదే నయం. ఈ ఏడాది రాబడిలోంచి, ఫలానా ఖర్చు తగ్గించి, ఫలానా పన్నుతో ఇస్తున్నామని చెప్పి ఇవ్వండి. అప్పుడు ఓటరు రెండు వైపులా చూసి తేల్చుకుంటాడు. అప్పు తెచ్చి ఇస్తే ఒక వైపే చూస్తాడు.

అప్పు పేదవాడికి ఏం చేస్తుందో మద్యం బాండ్లలో చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ నిషేధానికి దారి తీసింది. ఖజానా చాలక 1997లో దాన్ని ఎత్తేశారు. 2019లో దశలవారీ మద్యనిషేధం హామీతో ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం వచ్చింది. ఆ ప్రభుత్వ హయాంలోనే, 2022 జూన్‌లో, మద్యం వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థ బేవరేజెస్ కార్పొరేషన్ 8,305 కోట్ల బాండ్లు అమ్మింది, వడ్డీ 9.62 శాతం. రాష్ట్రం నేరుగా తెచ్చుకుంటే అప్పట్లో సుమారు ఎనిమిది శాతానికే దొరికేది. ఆ అప్పు తీరాలంటే రాబోయే ఏళ్లలో మద్యం అమ్ముడుపోతూనే ఉండాలి. కూలీ భర్త సాయంత్రం తాగబోయే సీసాను, వాడు తాగకముందే తాకట్టు పెట్టారు. ఏ తల్లి ఖాతాలో డబ్బు వేశామన్నారో ఆమె ఇంటి నుంచే అది తిరిగి వసూలవుతుంది. తర్వాత వచ్చినవారు దారి మార్చారా అంటే, 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ పేరుతో వేల కోట్ల బాండ్లు వచ్చాయి. ఈసారి తాకట్టు రేపటి గనుల రాబడి.

ఖజానా ఒట్టిపోయినప్పుడు ముందు దెబ్బ తినేది ఎవరో అందరికీ తెలుసు. డబ్బున్నవాడికి ప్రైవేటు బడి, ప్రైవేటు ఆసుపత్రి, ఇంట్లో ఇన్వర్టరు ఉన్నాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు పేదల వైద్య పథకం సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లోనే మా వీధి మొదట్లో ఇడ్లీ బండి నడిపే అక్క భర్తకు గుండెలో నొప్పి వచ్చింది. స్టెంటు వేయాలన్నారు. కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. కౌంటరు అద్దానికి టైపు చేసిన కాగితం అతికించి ఉంది, సేవలు తాత్కాలికంగా నిలిపివేశామని. లోపలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ‘అమ్మా, ఇప్పుడు కార్డు కేసులు తీసుకోవడం లేదు. డబ్బు కట్టి చేయించుకుంటారా, ఇంకోచోట చూసుకుంటారా?’

అక్క అక్కడే కుర్చీలో కూర్చుని కమ్మలు తీసి కొంగున కట్టుకుంది. ఆ మధ్యాహ్నం బంగారం మీద అప్పిచ్చే దుకాణంలో తూకం వేయించుకుని, రసీదు మడిచి రవికలో పెట్టుకుని తిరిగొచ్చింది. స్టెంటు వేశారు, ఆయన కోలుకున్నాడు. వాళ్లు నెలనెలా వడ్డీ కడుతున్నారు. కమ్మలు ఇంకా విడిపించుకోలేదు.